నోటు చూపించు! (అప్పు – ఇల్లు – మనం: 6వ భాగం)



పోయిన భాగంలో పాలేర్ల అప్పుల గురించి రాశాను. ఈసారి ఇంటి అప్పు. దీనికోసం అమెరికా దాకా వెళ్ళాలి గానీ, ముందు మా చిన్నమ్మ ఇంటి గుమ్మం దగ్గర కాసేపు ఆగుదాం.

మా చిన్నమ్మది పేట చివర రెండున్నర సెంట్ల స్థలం. ముప్ఫై ఏళ్ళు కూలికి పోయి కొనుక్కున్నది. రిజిస్టర్ కాగితం ఆమె పేరునే ఉంది. రేకులు పీకేసి స్లాబు వేసుకుందామని ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దగ్గర 6 లక్షలు తీసుకుంది. కొన్నేళ్ళు కిస్తీలు సరిగ్గానే కట్టారు. కరోనాలో కొడుకు పని పోయింది, కిస్తీలు తప్పాయి. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు వచ్చి తలుపు మీద ఇంగ్లీషు కాగితం అంటించి, దాని పక్కన చిన్నమ్మని నిలబెట్టి ఫోటో తీసుకుని పోయారు. 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని దాని సారాంశం. నేను చదివి చెబుతుంటే ఆమె మధ్యలో ఆపి కంపెనీ పేరు మళ్ళీ చదవమంది. చదివాను.

"వీళ్ళెవర్రా? వీళ్ళ దగ్గర నేనెప్పుడు తీసుకున్నాను?"

నిజమే. మేం అప్పు తెచ్చింది ఆ కంపెనీ దగ్గర కాదు. ఆ పేరే ఎప్పుడూ వినలేదు. పాత కంపెనీ బ్రాంచికి వెళ్తే, అక్కడి కుర్రాడు కంప్యూటర్లోంచి తలెత్తకుండా "మీ లోను అమ్మేశామండి, ఇక మాకు సంబంధం లేదు" అన్నాడు. గేదెని సంతలో అమ్మినట్టు అప్పుని అమ్మేశారు. ఆ అప్పు వెనకాల మా చిన్నమ్మ ఇల్లు కూడా పోయింది.

అక్షరం ముక్క రాని మా చిన్నమ్మ అడిగిన ప్రశ్నకి కోర్టు భాషలో లోకస్ స్టాండీ అని పేరు. అడగడానికి నీకున్న అర్హత ఏమిటి, అసలు నువ్వెవరివి అని. ఈ దేశంలో ఆ ప్రశ్న ఎప్పుడూ మనల్నే అడిగారు. చెరువు దగ్గర అడిగారు, గుడి దగ్గర అడిగారు, టౌనులో అద్దె ఇంటి గుమ్మంలో ఇప్పటికీ అడుగుతున్నారు. కొలంబియాలో చదివి వచ్చిన బాబాసాహెబ్‌ని బరోడాలో పార్సీ సత్రం నుంచి గెంటేసిన రోజు, కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళు మొదట అడిగింది కూడా నువ్వెవరివనే. మరి అప్పుపడ్డవాళ్ళు తిరగబడి అప్పు వసూలుకి వచ్చినవాడిని అదే ప్రశ్న అడిగితే? 2007 నుంచి దాదాపు పదేళ్ళు అమెరికా కోర్టుల్లో జరిగింది అదే.

ముందు నోటు సంగతి. ఊళ్ళో మన పెద్దవాళ్ళకి ఇది లా కాలేజీకి పోకుండానే తెలుసు. ప్రాంసరీ నోటు రాసిచ్చి అప్పు తెస్తారు. కొంత కడితే నోటు వెనక చెల్లు రాయిస్తారు. మొత్తం తీరిస్తే నోటు చేతిలోకి తీసుకుని అక్కడికక్కడే చింపేస్తారు. చింపకపోతే అది రేపు ఇంకొకడి చేతిలోకి పోతుంది. మా తాత తీర్చేసిన ఒక అప్పుని మా నాన్న మళ్ళీ కట్టాడు. ఎందుకంటే తాత డబ్బు ఇచ్చాడు గానీ నోటు అడగలేదు. అడిగితే ఆసామి ఏమనుకుంటాడోనని భయం. ఆ నోటుకి ఎప్పుడో కాలదోషం పట్టిందని చెప్పడానికి మా తరఫున ప్లీడరెవడు?

కాబట్టి "తీసుకున్న అప్పు కట్టాలి కదా" అని నీతి చెప్పేవాళ్ళతో నాకు గొడవ లేదు. కట్టాలి. ఎవరికి? హక్కు లేనివాడికి కడితే, హక్కున్నవాడు రేపొచ్చి మళ్ళీ అడుగుతాడు. ప్రపంచంలో ఏ చట్టమైనా నోటు ఎవరి దగ్గరుందో చూపించమనేది ఇందుకే.

అమెరికాలో ఇంటి అప్పుకి రెండు కాగితాలుంటాయి. ఒకటి నోటు, అంటే డబ్బు కడతానన్న మాట. రెండోది తనఖా పత్రం, అంటే కట్టకపోతే ఇల్లు తీసుకోమన్న ఒప్పందం. 1872లోనే అక్కడి సుప్రీంకోర్టు కార్పెంటర్ వర్సెస్ లాంగన్ కేసులో ఈ రెండిటినీ విడదీయకూడదని చెప్పింది. నోటు ఎటుపోతే తనఖా అటుపోతుంది. నోటు లేకుండా ఉత్త తనఖాని బదలాయిస్తే అది చెల్లదు. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే.

కానీ నల్లజాతి వాళ్ళకి చాలాకాలం పాటు అసలు ఈ కాగితాలే దక్కలేదు. 1930లలో ప్రభుత్వ సంస్థలు నగరాల మ్యాపులు తీసుకుని పేటలకి రంగులు వేశాయి. నల్లవాళ్ళుండే పేటలకి ఎరుపు. ఎరుపు పేటల్లో ఇంటి అప్పుకి సర్కారు హామీ లేదు, హామీ లేదు కాబట్టి బ్యాంకు రాదు. మన ఊళ్ళల్లో మ్యాపు గీయకుండానే పేట ఎక్కడో అందరికీ తెలుసు, అంతే తేడా.

బ్యాంకు రాని చోటికి దళారి వచ్చాడు. షికాగోలో కాంట్రాక్టు మీద ఇళ్ళు అమ్మేవాళ్ళు. ఇల్లు నీదేనంటారు, నెలనెలా కట్టించుకుంటారు, రిపేర్లు నీ నెత్తిన వేస్తారు. కానీ చివరి డాలరు కట్టేదాకా పట్టా మాత్రం వాళ్ళ పేరునే. ఒక్క నెల తప్పితే ఇల్లు పోతుంది, అప్పటిదాకా కట్టిందీ పోతుంది. తనఖా అప్పున్న తెల్లవాడికి కోర్టులో విడిపించుకునే హక్కన్నా ఉంది, ఇక్కడ అదీ లేదు. 1950లలో షికాగోలో ఇల్లు కొన్న నల్లవాళ్ళలో నూటికి 85 మంది ఇలాగే కొన్నారని ఒక అంచనా. మిసిసిపీ నుంచి వలస వచ్చిన క్లైడ్ రాస్ 1961లో 27,500 డాలర్లకి ఇలా ఒక ఇల్లు కొన్నాడు. అమ్మినవాడు ఆర్నెల్ల ముందు అదే ఇంటిని 12,000కి కొన్నాడు.

1968లో నార్త్ లాన్‌డేల్‌లో ఈ ఇళ్ళవాళ్ళంతా కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ అని సంఘం పెట్టుకున్నారు. రాస్ అందులో ముఖ్యుడు. వందల కుటుంబాలు కలిసి నెలసరి డబ్బు కట్టడం ఆపేశాయి. పోలీసులు వచ్చి సామాన్లు వీధిలో పడేస్తే ఇరుగుపొరుగు కలిసి ఆ సామాన్లని మళ్ళీ లోపలికి మోసుకెళ్ళారు. చాలామంది తమ కాంట్రాక్టులు మార్పించుకున్నారు గానీ 1976లో జ్యూరీ మాత్రం వాళ్ళకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. నాకు ఈ ఉద్యమంలో కోర్టు తీర్పు కన్నా ఆ సామాన్లు మోసిన చేతులే ఎక్కువ గుర్తుంటాయి.

తర్వాతి మలుపు ఇంకా క్రూరమైనది. 1930లలో అప్పు ఇవ్వం అన్న పేటలకే 2000 తర్వాత అప్పులు వెల్లువలా వచ్చాయి. మంచి వడ్డీకి అర్హత ఉన్నవాళ్ళకి కూడా చెడ్డ వడ్డీ అంటగట్టారు. బాల్టిమోర్ నగరం 2008లో వెల్స్ ఫార్గో బ్యాంకు మీద దావా వేస్తే, ఆ బ్యాంకులో పనిచేసినవాళ్ళే ముందుకొచ్చి అఫిడవిట్లు ఇచ్చారు. నల్లవాళ్ళ చర్చిల ద్వారా ఈ అప్పులు అమ్మేవాళ్ళమని, లోపల వాటిని ఘెట్టో లోన్లని పిలుచుకునేవాళ్ళని చెప్పారు. ఘెట్టో అంటే మన మాటలో పేట. 2012లో ఆ బ్యాంకు తప్పు ఒప్పుకోకుండానే కేంద్ర న్యాయశాఖతో 17.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. అంతకు ముందు ఏడాదే కంట్రీవైడ్ అనే సంస్థ 33.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. అందులో ఎక్కువ ఛార్జీలు కట్టిన నల్లజాతి, లాటినో కుటుంబాలు 2 లక్షలకి పైనే.

ఈ అప్పులు ఇచ్చినవాళ్ళు వాటిని దగ్గర పెట్టుకోలేదు. ఇచ్చిన వారంలోనో నెలలోనో అమ్మేశారు. కొన్నవాడు ఇంకొకడికి అమ్మాడు. చివరికి వేలాది అప్పుల్ని మూటగట్టి ఒక ట్రస్టులో వేసి, ఆ ట్రస్టు మీద బాండ్లు అచ్చేసి ప్రపంచమంతా అమ్మారు. ప్రతి చేతిమార్పుకీ నోటు వెనక సంతకం పడాలి, తనఖా బదలాయింపు కాగితం రాయాలి, కౌంటీ రిజిస్ట్రారు ఆఫీసులో ఫీజు కట్టి నమోదు చేయించాలి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిదే. లక్షల అప్పులు పరిగెడుతుంటే ఇవన్నీ ఎవరు చేస్తారు? ఫీజులెవరు కడతారు?

అందుకని 1995లో బ్యాంకులూ అప్పుల కంపెనీలూ కలిసి మెర్స్ అనే సంస్థని పుట్టించాయి. కౌంటీ రికార్డులో తనఖాదారుగా మెర్స్ పేరు రాసేస్తారు. తర్వాత అప్పు ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరు మారదు. లోపల ఎవరు ఎవరికి అమ్మారో మెర్స్ కంప్యూటర్లోనే ఉంటుంది. ఈ మెర్స్ ఎవరికీ ఒక్క డాలరు అప్పివ్వలేదు, ఒక్క కిస్తీ వసూలు చేయలేదు. వేరే బ్యాంకుల్లో, లా ఆఫీసుల్లో పనిచేసే వేలమందికి మా వైస్ ప్రెసిడెంటువని హోదా ఇచ్చి, తన పేరున సంతకాలు పెట్టించుకుంది. ఆ దేశంలో జరిగిన ఇంటి అప్పుల్లో సగానికి పైగా దీని పేరుమీదే ఉన్నాయనేవాళ్ళు. అమెరికాలో ఇల్లు కొనుక్కుని ఇక్కడ గృహప్రవేశం ఫోటోలు పంపే మన తెలుగు ఇంజనీర్లు ఒకసారి తమ తనఖా పత్రం తీసి చూసుకోవాలి. ఆ పేరు కనిపించే అవకాశం చాలా ఎక్కువ.

2007లో కిస్తీలు తప్పడం మొదలయ్యాక ట్రస్టుల తరఫున పెద్ద బ్యాంకులు కోర్టులకి వచ్చాయి. ఒహాయో లాంటి రాష్ట్రాల్లో ఇల్లు వేలం వేయాలంటే కోర్టుకి రావాల్సిందే. క్లీవ్‌లాండ్ అప్పటికే ఖాళీ ఇళ్ళ నగరంగా మారుతోంది. 2007 అక్టోబర్ 31న అక్కడి ఫెడరల్ జడ్జి క్రిస్టఫర్ బోయ్‌కో ఒక్క ఉత్తర్వుతో డాయిష్ బ్యాంకు వేసిన 14 కేసుల్ని కొట్టేశాడు. ఆయన అడిగింది చాలా చిన్న విషయం. నువ్వు దావా వేసిన రోజుకి ఈ తనఖా నీదేనని చూపించే కాగితం ఏది? చూపించలేకపోయారు. బ్యాంకు వాదన ఎలా ఉందంటే, జడ్జిగారూ ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో మీకు తెలియదు అన్నట్టుంది. ఆ అహంకారాన్ని ఆయన ఉత్తర్వులోనే ఎండగట్టాడు. నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. "నీకు తెలియదులే" అనే మాట మనం ఎన్నిసార్లు విన్నాం! ఒక జడ్జికి ఒక్కసారి తగిలేసరికి పద్నాలుగు కేసులు పోయాయి.

అక్కడినుంచి ఇది వీధిలోకి వచ్చింది. 2009 జనవరిలో ఒహాయో ఎంపీ మార్సీ కాప్టర్ పార్లమెంటులో నిలబడి, మీ ఇళ్ళు వదిలి కదలకండి, ముందు నోటు చూపించమనండి అని చెప్పింది. నోటు చూపించు అన్నది నినాదమైపోయింది.

మసాచుసెట్స్ కథ వేరు. అక్కడ బ్యాంకు కోర్టుకి రానక్కర్లేదు. నోటీసిచ్చి, పేపర్లో వేసి, తానే వేలం వేసుకోవచ్చు. 2007 జూలై 5న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రెండు ఇళ్ళు ఇలా వేలం వేసి బ్యాంకులే కొనుక్కున్నాయి. తర్వాత పట్టాలో మచ్చ లేకుండా చూసుకుందామని వాళ్ళే కోర్టుకి వెళ్ళారు. అక్కడ దొరికిపోయారు. ఒక ఇంటి తనఖా ఆ బ్యాంకు పేరున బదలాయించిన కాగితం, వేలం అయిపోయిన ఏడాది తర్వాత రాసింది! ముందు వేలం, తర్వాత హక్కు. 2011 జనవరి 7న ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు ఐబానెజ్ కేసులో రెండు వేలాలూ చెల్లవని తీర్పిచ్చింది. కోర్టు లేకుండా ఇల్లు లాక్కునే అధికారం నీకు చట్టం ఇచ్చినప్పుడు, ఆ చట్టంలోని ప్రతి మెట్టూ నువ్వు తు.చ. తప్పకుండా ఎక్కాల్సిందే అని దాని తాత్పర్యం. విద్యార్థి మిత్రులు, ముఖ్యంగా లా చదివేవాళ్ళు, ఈ తీర్పు మొత్తం చదవండి. పెద్దది కాదు.

మరి కాగితాలు లేనివాళ్ళు ఏం చేశారు? తయారుచేశారు. 2010లో ఒక పెద్ద సంస్థ ఉద్యోగిని ప్రమాణం చేయించి ప్రశ్నిస్తే, నెలకి 10,000 దాకా కాగితాల మీద సంతకాలు పెడతానని, చదవనని ఒప్పుకున్నాడు. చదివి, నిజమని తెలిసి సంతకం చేస్తున్నానని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. ఫ్లోరిడాలో లిన్ షిమోనియాక్ అనే లాయరు తన సొంత ఇంటి కేసు కాగితాలు చూస్తూ, ఒకే పేరుతో ఎన్నో రకాల చేతిరాతల్లో సంతకాలున్నాయని పట్టుకుంది. ఆ పేరుగల మనిషి డాక్‌ఎక్స్ అనే కంపెనీలో నిజంగానే ఉద్యోగి. పేరు చిన్నది, రాయడం తేలిక అని అందరిచేతా ఆ పేరే పెట్టించారు. ఆ కంపెనీలో పది లక్షలకి పైగా దొంగ సంతకాల కాగితాలు తయారయ్యాయి. 2013లో దాని అధిపతి లొరేన్ బ్రౌన్‌కి ఐదేళ్ళ జైలు పడింది. ఆ కాగితాలు వాడుకుని ఇళ్ళు వేలం వేసిన పెద్ద బ్యాంకుల అధిపతులు మాత్రం జైలుకి పోలేదు. మన దగ్గర వేలిముద్ర ఒకటి తేడాగా ఉందని రేషన్ ఆపేస్తారు!

ఇక గెలుపోటముల సంగతి. ఈ భాగం రాయడం ఇష్టం లేకపోయినా రాయాలి, ఎందుకంటే మన కుర్రాళ్ళు కొందరు వీడియోలు చూసి, నోటు అడిగితే అప్పు మాఫీ అయిపోతుందని నమ్ముతున్నారు. అమెరికాలోనూ అలా నమ్మించి ఫీజులు దండుకున్న మోసగాళ్ళు పుట్టుకొచ్చారు. నిజం ఏమిటంటే, బోయ్‌కో కొట్టేసిన కేసుల్ని బ్యాంకులు కాగితాలు సరిచేసుకుని మళ్ళీ వేసుకోవచ్చు. మిషిగన్ కోర్టు మెర్స్ వైపే నిలబడింది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2016లో యెవనోవా కేసులో, అసలు చెల్లని బదలాయింపుతో ఇల్లు వేలం వేస్తే దాన్ని ప్రశ్నించే అర్హత అప్పుపడ్డవాళ్ళకి ఉందని చెప్పింది. మంచి తీర్పే. కానీ ఏది పూర్తిగా చెల్లనిది, ఏది సరిదిద్దుకోదగ్గది అనే మెలిక దగ్గర తర్వాత చాలామంది ఓడిపోయారు. 2012లో 49 రాష్ట్రాలూ కేంద్రమూ కలిసి ఐదు పెద్ద బ్యాంకులతో 2,500 కోట్ల డాలర్ల రాజీ చేసుకున్నాయి. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళకి అందులోంచి వచ్చిన చెక్కు మనిషికి సుమారు 1,500 డాలర్లు. రెండు నెలల అద్దె. 2005కీ 2009కీ మధ్య నల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 53 శాతం పడిపోయిందని ప్యూ సంస్థ లెక్క. తెల్లవాళ్ళది 16 శాతం.

అయితే ఈ పోరాటం ఇచ్చింది ఒకటుంది – టైము. ఏడాది, రెండేళ్ళు, కొందరికి ఐదేళ్ళు సొంత కప్పు కింద ఉండే టైము, అప్పు తగ్గించుకోవడానికి బేరమాడే టైము. పిల్లల చదువు మధ్యలో ఆగకుండా ఉండటానికి ఐదేళ్ళు తక్కువేం కాదు.

ఇంకో మెలిక చెప్పి మన దగ్గరికి వస్తాను. క్లీవ్‌లాండ్ నగరం 21 బ్యాంకుల మీద దావా వేసింది, మీ అప్పుల వల్ల మా పేటలు శవాల్లా అయ్యాయని. నష్టానికీ బ్యాంకులకీ నేరుగా సంబంధం లేదని కోర్టులు కొట్టేశాయి. అప్పు ఎవరిదో తెలియని బ్యాంకుకి ఇల్లు అడిగే అర్హత ఉండొచ్చు, కూలిపోయిన ఇళ్ళని తన ఖర్చుతో పడగొట్టించే నగరానికి మాత్రం నష్టం అడిగే దారి లేదు! 2017లో మయామీ నగరం కేసులో సుప్రీంకోర్టు, వివక్ష అప్పుల మీద నగరాలు కూడా దావా వేయొచ్చని ఒప్పుకుంది గానీ, నేరుగా సంబంధం చూపించాలనే షరతు మళ్ళీ పెట్టింది.

మన దేశంలో 2002 సర్ఫేసీ చట్టం వచ్చాక మనమూ మసాచుసెట్స్ వాళ్ళమే. బ్యాంకు కోర్టుకి పోకుండానే 13(2) కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, 13(4) కింద స్వాధీనం చేసుకోవచ్చు. 34వ సెక్షన్ సివిల్ కోర్టు తలుపు మూసేసింది. మొదట్లో ట్రిబ్యునల్‌కి పోవాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టమన్నారు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టించింది ఒక పెద్ద కంపెనీ. దానివల్ల దారి దొరికింది మా చిన్నమ్మకి కూడా. చరిత్రలో ఇలాంటివీ జరుగుతాయి. అప్పుని ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్ముకోవచ్చని 5వ సెక్షన్ చెబుతుంది. అమ్మినవాడు ఆ సంగతి మనకి చెప్పాలా? 6వ సెక్షన్ ప్రకారం, చెప్పాలనుకుంటే చెప్పొచ్చు! కానీ 2020 నుంచి అమల్లో ఉన్న 26డి ఒకటుంది. ఆ తనఖా సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదు కాకపోతే ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం వాడకూడదు. ఆ రికార్డు కొద్దిపాటి ఫీజుతో ఎవరైనా ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. చూసుకోండి.

నోటీసుకి అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలని 13(3ఏ) చెబుతుంది. మేం మూడు అడిగాం: అప్పు కొన్న ఒప్పందం, అందులో చిన్నమ్మ లోను నంబరున్న పేజీ, సెర్సాయ్ నమోదు. జవాబు నలభయ్యో రోజు వచ్చింది. ఒప్పందం జిరాక్స్ ఉంది. లోన్ల జాబితా ఉండాల్సిన పేజీలు లేవు. తర్వాత తలుపు మీద స్వాధీనం నోటీసు అంటించారు. 45 రోజుల గడువులోపే ట్రిబ్యునల్లో వేశాం. వాయిదా వచ్చే నెల.

మొన్న ఇంటికి వెళ్తే చిన్నమ్మ ట్రంకు పెట్టె తీసి చూపించింది. కిస్తీ రసీదులు, కరెంటు బిల్లులు, వాటి మీద తలుపు నుంచి ఊడదీసిన ఆ రెండు నోటీసులు, మడతపెట్టి. "చించెయ్యాలనిపిస్తుందిరా" అంది. వద్దని చెప్పాను.

వచ్చే భాగంలో డ్వాక్రా అప్పులు, 2010 మైక్రో ఫైనాన్స్ ఆర్డినెన్సు. జై భీమ్.